లిఫ్టులో కొండలెక్కినవాడు

ఆ లిఫ్టు మెకానిక్‌ని చూసి పర్వతారోహకుడని ఎవరూ పొరబడరు. ఏభై దాటిన వయసు, బెల్టును లెక్కచేయకుండా ముందుకొచ్చిన పొట్ట, రెండంతస్తులు మెట్లెక్కాల్సి వస్తే మధ్యలో గోడకానుకుని ఫోను చూసుకుంటున్నట్టు నటించే అలవాటు. మీసాలు సరిగ్గా మొలవకముందే పనిలో చేరి, అప్పటినుంచీ లిఫ్టు గోతుల్లోనే బతుకు వెళ్ళదీశాడు. జనానికి మెట్లెక్కే బాధ తప్పించడమే తన ఉద్యోగం గనుక, తాను మెట్లెక్కడం ఉద్యోగానికి ద్రోహం చేసినట్టవుతుందని ఆయన నమ్మకం.

ఆయన భార్య బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు చేస్తుంది. ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేయడం, జాకెట్లు బిగించడం ఆవిడ పని. మొగుడి ప్యాంట్ల విషయంలో మాత్రం పని ఎప్పుడూ ఒకవైపే నడిచేది. నడుం దగ్గర కుట్టు విప్పడం, వదులు చేయడం. విప్పడానికి ఇక గుడ్డ మిగల్లేదని ఆవిడ తేల్చి చెప్పిన నెలలోనే డాక్టరు కూడా చెప్పాడు. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందట, లోపలికి రాకుండా ఉండాలంటే రోజూ నడవాలట.

ఈ కబురు విన్న బావమరిది ఆనందానికి అంతులేదు. అతను ఫోన్ల షోరూములో పనిచేస్తాడు. కొత్త జీపీఎస్ వాచీ మార్కెట్లోకి వచ్చినప్పుడల్లా కొనుక్కుని, పాతది దానం చేయడానికి అర్హుడైన బీదవాడి కోసం చుట్టాల్లో వెతుకుతుంటాడు. ఆ వాచీ నడక కొలుస్తుంది, పరుగు కొలుస్తుంది, గుండె చప్పుడు వింటుంది, గాలి ఒత్తిడిని బట్టి ఎంత ఎత్తెక్కారో చెబుతుంది, నిద్రలో ఎలా పడుకున్నారో పొద్దున్నే విమర్శిస్తుంది. అతనే దాన్ని బావ చేతికి కట్టి, వయసూ బరువూ నింపాడు. బరువు అడిగితే మెకానిక్ కొంచెం మొహమాటపడి తగ్గించి చెప్పాడు. పేరు అడిగిన చోట బావమరిది ‘బావ’ అని కొట్టి, ఊళ్ళో ఇలాంటి వాచీలు కట్టినవాళ్ళందరి పోటీ పట్టికలో అడక్కుండానే చేర్చేశాడు.

మొదటి వారమంతా మెకానిక్ బుద్ధిగా నడిచాడు. పని నుంచి రాగానే పార్కులో మూడు చుట్లు. ఆయనకు చేతులు వెనక్కి కట్టుకుని నడవడం అలవాటు. వాచీ మాత్రం చెయ్యి ఊగితేనే మనిషి నడుస్తున్నాడనుకుంటుంది. మూడో చుట్టులో, ఆయన చెమటలు కక్కుతున్న వేళ, మణికట్టు మీద గిలిగింత పెట్టి ఒక సందేశం చూపించింది: “మీరు చాలాసేపటి నుండి కూర్చొనియున్నారు. దయచేసి లెమ్ము.”

ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, పోనీ ఒక్కసారైనా లేచి చూడమని సలహా ఇచ్చింది.

అలా నడిచినన్నాళ్ళూ ఆ వాచీ దృష్టిలో ఆయన పరమ సోమరి. పోటీ పట్టికలో ఆయన కింద ఇద్దరే ఉండేవారు. ఒకడు కాలు విరిగి మంచంలో ఉన్నాడనీ, రెండోవాడు వాచీ పోగొట్టుకున్నాడనీ బావమరిది వాకబు చేసి వచ్చి చెప్పాడు.

అప్పుడు అప్‌డేట్ వచ్చింది. మీరు చెప్పకపోయినా మీరేం చేస్తున్నారో ఇకనుంచి వాచీయే కనిపెడుతుందని కంపెనీ గొప్పగా ప్రకటించింది. మర్నాడు మెకానిక్ ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు డబ్బా నెత్తి మీద నిలబడి, దాన్ని మెల్లగా పైకి నడుపుకుంటూ, పక్కనున్న ఇనుప పట్టాలకు గ్రీజు రాస్తున్నాడు. చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది, ఎత్తు పెరుగుతోంది. వాచీకి ఇంతకన్నా ఏం కావాలి? పై అంతస్తుకు చేరేసరికి గంట కొట్టినంత పని చేసి, “అభినందనలు! మీరు కొండ ఎక్కియున్నారు” అంది. గోతిలోకి ఉపగ్రహం సిగ్నలు రాదు గనుక ఆ కొండ ఎక్కడుందో వాచీయే ఊహించుకుంది. మ్యాపులో చూస్తే ఆయన స్టేడియం గోడ దూకి, చెరువు మధ్యలోంచి నడిచి, ఏమీ లేని చోట నిట్టనిలువుగా ఆకాశంలోకి వెళ్ళిపోయాడు.

ఆయనకు రోజుకు నాలుగైదు భవనాలుండేవి. వారం తిరిగేసరికి ‘బావ’ ఊళ్ళోకెల్లా మొదటి స్థానంలో ఉన్నాడు.

మెకానిక్ స్వతహాగా నిజాయతీపరుడు. బావమరిది చేత కంపెనీకి ఉత్తరం రాయించాడు. నేను లిఫ్టులో నిలబడ్డాను, కొండ ఎక్కలేదు, దయచేసి సరిచేయండి అని. వాచీ ఆపి మళ్ళీ ఆన్ చేయమని జవాబొచ్చింది. చేశాడు, మళ్ళీ కొండెక్కాడు. మళ్ళీ రాస్తే, వాచీని కాసేపు ఆకాశానికి చూపించమన్నారు. ఆయన డాబా మీద చెయ్యెత్తి నిలబడితే ఎదురింటాయన తననే పలకరిస్తున్నాడనుకుని తానూ చెయ్యి ఊపి, ఎంతకీ దించకపోయేసరికి భయపడి లోపలికి వెళ్ళిపోయాడు. మూడో ఉత్తరానికి మాత్రం శ్రద్ధగా రాసిన జవాబు వచ్చింది: “మా నిపుణులు మీ సమాచారాన్ని క్షుణ్ణంగా పరిశీలించారు. ఇందులో ఏ లోపమూ లేదు. మీ శక్తిని మీరే తక్కువ అంచనా వేసుకోకండి.”

ఆ చివరి వాక్యాన్ని మెకానిక్ రెండుసార్లు చదివించుకున్నాడు. బడిలో గానీ, కంపెనీలో గానీ, అత్తవారింట్లో గానీ ఆయనతో ఎవరూ అలాంటి మాట అనలేదు. తప్పని తెలుసు. తెలిసినా, ఛాతీలో ఎక్కడో కొంచెం వెచ్చగా అనిపించింది. నాలుగో ఉత్తరం రాయించలేదు. పైగా ఆ నెలలో తోటి మెకానిక్ తన వాటా భవనాల్లో ఎత్తయినవాటిని మార్చుకుందామంటే, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. భార్య కనిపెట్టింది. టేపు తెచ్చి మొగుడి నడుం కొలిచి, కొండలెక్కుతున్నా ఇంచీ కూడా తగ్గని మనిషిని ఇప్పుడే చూస్తున్నానంది.

మొదటి స్థానం పోయినవాడు పళ్ళ డాక్టరు. ఊరి చివరి కొండను రోజూ తెల్లారకముందే ఎక్కి దిగే మనిషి, పరుగుల క్లబ్బుకు అధ్యక్షుడు. చాలా ఏళ్ళుగా ఆ పట్టికలో ఆయన పైన ఎవరూ లేరు. ఇప్పుడు ఉన్నట్టుండి ఎవడో ‘బావ’ వచ్చి కూర్చున్నాడు. క్లబ్బంతా అదే చర్చ. బావ ఎవరు, బావ ఏం తింటాడు, బావ చెరువు మీద ఎలా నడిచాడు. చివరికి వాచీ ద్వారానే ఆహ్వానం పంపారు. ఆదివారం కొండ దగ్గరికి వచ్చి మాతో పాటు ఎక్కి, నాలుగు మాటలు చెప్పాలని.

మెకానిక్ తటపటాయించాడు. భార్య మాత్రం, “వెళ్ళండి. వాళ్ళూ ఓసారి మిమ్మల్ని కళ్ళారా చూస్తే మంచిది” అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాడు. కొండ కింద ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టల్లో పాతికమంది దాకా నిలబడి ఉన్నారు. ఈయన దగ్గరికి వెళ్తే, బావ గారు ఈయన వెనకాల వస్తున్నారేమోనని తొంగి చూశారు. నేనేనండి బావ అంటే అందరి కళ్ళూ ముందు ఆయన పొట్ట మీదికే వెళ్ళాయి.

“నేను లిఫ్టు మెకానిక్‌నండి,” అన్నాడాయన గొంతు సవరించుకుని. “లిఫ్టు పైకెళ్తుంది. నేను దాని మీద ఉంటాను. అంతే.”

అందరూ పగలబడి నవ్వారు. ఎంత వినయమో చూడండి అన్నారు. ఒకమ్మాయి ఏ బూట్లు వాడతారని అడిగితే, ఆయన కాళ్ళకున్న ఇనుప ముక్కు డ్యూటీ బూట్లు చూపించాడు. అవి ఎంత బరువుంటాయో కనుక్కుని, వాటికి ఫోటోలు తీసుకున్నారు. బరువు బూట్లతో సాధన చేయడమే బావ రహస్యమని ఆ రోజే క్లబ్బులో తేలిపోయింది. తర్వాతి వారం ఇద్దరు అలాంటివే కొని మడమలు ఒరుసుకుపోయేదాకా నడిచారు.

కొండెక్కడం మొదలైంది. మొదటి మలుపు రాకముందే బావ అందరికన్నా వెనకపడ్డాడు. రెండో మలుపులో ఒక బండ కనిపిస్తే దాని మీద కూలబడ్డాడు. ముందు వెళ్తున్నవాళ్ళు, చివర్లో ఒక్కసారిగా దూసుకురావడం బావ పద్ధతి కాబోలని మాట్లాడుకుంటూ సాగిపోయారు. పళ్ళ డాక్టరు ఒక్కడే వెనక్కి దిగి వచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. ఎండిన చువ్వలాంటి మనిషి, మొహంలో నవ్వు లేదు.

“నిజం చెప్పండి,” అన్నాడు.

“చెప్పాను కదండీ. ఎవరూ వినిపించుకోలేదు.”

ఇక చీవాట్లు తప్పవనుకున్నాడు మెకానిక్. డాక్టరు మాత్రం ఆ బండ మీదే పక్కన కూర్చుని, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత, తన క్లినిక్కు ఒక కాంప్లెక్సులో తొమ్మిదో అంతస్తులో ఉందనీ, రోజూ మెట్ల మీదే వెళ్తాననీ చెప్పాడు.

“మీకేమండీ, ఆరోగ్యం మీద శ్రద్ధ,” అన్నాడు మెకానిక్ నిట్టూరుస్తూ.

“శ్రద్ధా పాడా. నాకు లిఫ్టంటే భయం.”

ఆ కథ డాక్టరు అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ కిందట ఆ లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, కరెంటు పోయింది, చీకట్లో ఒంటరిగా ఉండిపోయాడు. ఆ రోజు నుంచి మెట్లే. మెట్లెక్కీ ఎక్కీ దమ్ము పెరిగింది. దమ్ము చూసి ఎవరో కొండకు తీసుకెళ్ళారు, కొండ చూసి క్లబ్బువాళ్ళు అధ్యక్షుణ్ణి చేశారు. లిఫ్టెక్కలేని మనిషి ఊరందరికీ ఆరోగ్య సూత్రాలు చెబుతూ బతుకుతున్నాడు.

ఏ కాంప్లెక్సో అడిగాడు మెకానిక్. చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది. కన్నబిడ్డ మీద ఎవరో ఫిర్యాదు తెచ్చినట్టయింది. “ఆ లిఫ్టు నాదేనండి. ఆ రోజు నాకు గుర్తుంది. తలుపు తెరవడానికి వచ్చింది నేనే. నేను వచ్చేసరికే కరెంటొచ్చి లోపలాయన దిగి వెళ్ళిపోయాడు. బిల్డింగంతా దద్దరిల్లేలా అరిచాడని వాచ్‌మన్ చెప్పాడు.”

“అది నేనే,” అన్నాడు డాక్టరు.

ఇద్దరూ బండ మీంచి లేచారు. తర్వాత పైకి కాదు, కిందికే నడిచారు.

వారం గడిచాక మెకానిక్ ఆ కాంప్లెక్సులో సర్వీసు పని ముగించి, డాక్టరుకు ఫోను చేసి కిందికి రమ్మన్నాడు. డాక్టరు తొమ్మిది అంతస్తులూ మెట్లు దిగి వచ్చి లిఫ్టు ముందు నిలబడ్డాడు. రోజూ ఎందరో రోగుల చేత ధైర్యంగా నోరు తెరిపించే మనిషి, ఆ తలుపు తెరుచుకోగానే తన నోరు గట్టిగా బిగించేసుకున్నాడు. మెకానిక్ తాళ్ళ గురించీ బ్రేకుల గురించీ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. “ఆగితే నేను లోపలే ఉంటాను కదండీ. ఎవరినీ పిలవక్కర్లేదు,” అన్నాడంతే.

ఎక్కారు. సగం దూరం వెళ్ళేసరికి డాక్టరు ఆయన మోచేతిని పట్టుకున్న పట్టుకు అక్కడ కమిలిపోయింది. రెండో చెయ్యి గజగజ వణుకుతోంది. పై అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడు డాక్టరు వాచీ గిలిగింత పెట్టింది. చేతి వణుకును అది పరుగనుకుంది. “అభినందనలు! మీరు మీ అత్యుత్తమ ఆరోహణము చేసియున్నారు.” ఇన్నేళ్ళూ కొండ ఎక్కినా ఆ వాచీ ఆయన్ని ఇంతగా మెచ్చుకోలేదు.

ఆ తర్వాత ఇంకో అప్‌డేట్ వచ్చింది. ఎత్తుకు సంబంధించిన చిన్న లోపాన్ని సరిచేశామని అందులో ఒక మూల రాశారు. మర్నాటికి పట్టికలో బావ లేడు. పళ్ళ డాక్టరు కూడా లేడు. ఆయన మరీ నిలకడగా, ఎక్కడా ఆగకుండా ఎక్కుతాడు గనుక అది మనిషి నడక కాదు, లిఫ్టేనని వాచీ నిర్ణయించింది. ఏళ్ళ తరబడి ఎక్కిన కొండంతా తుడిచిపెట్టేసింది. డాక్టరు మండిపడి కంపెనీకి రాశాడు. ఆపి ఆన్ చేయమన్నారు. ఆకాశానికి చూపించమన్నారు. చివరికి, మీరు లిఫ్టులో ప్రయాణించినట్టు మా నిపుణులు నిర్ధారించారు, దయచేసి నిజాయతీగా పాల్గొనండి అని రాశారు. ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్నది కొండ మీది హోటలుకు పాల డబ్బాలు చేరవేసే వ్యాను డ్రైవరు. క్లబ్బువాళ్ళు ఆయన్ని ఆహ్వానించే ఏర్పాట్లలో ఉన్నారు.

పేరు పోయిన రోజు మెకానిక్ అన్నం సరిగ్గా తినలేదు. ఎలాగూ అబద్ధపు గొప్పే కదా అని తనకు తానే చెప్పుకున్నాడు గానీ, రెండ్రోజులు పట్టింది తేరుకోవడానికి. బావమరిది ఇంకో వాచీ తెస్తానంటే, ఇంకోసారి మొదటివాణ్ణయ్యే ఓపిక లేదన్నాడు. సాయంత్రాలు పార్కులో నడక మాత్రం మానలేదు. కొన్నిసార్లు డాక్టరు వచ్చి పక్కన నడుస్తాడు. ఈయన మూడు చుట్లు పూర్తి చేసేలోపు ఆయన పది తిరిగొచ్చి, మాట ఎక్కడ ఆపాడో అక్కడ అందుకుంటాడు.

ఒకరోజు రాత్రి భోజనం దగ్గర ఫోను మోగింది. డాక్టరు. క్లినిక్కు మూసేశాననీ, లిఫ్టులో ఒంటరిగా ఉన్నాననీ, తలుపు మూసుకుందనీ వరసగా చెబుతున్నాడు. ఎనిమిది అన్నాడు, ఏడన్నాడు, ఆరు దగ్గర లైను తెగిపోయింది. మెకానిక్ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. బూట్లెక్కడున్నాయోనని గుమ్మం వైపు చూశాడు. భార్య ఏమైందని అడుగుతుంటే చేత్తోనే ఆగమన్నాడు.

ఫోను మళ్ళీ మోగింది.

“దిగానండీ,” అన్నాడు డాక్టరు. ఆయాసపడుతున్నాడు.

“మెట్ల మీంచా?”

“కాదు. అందులోనే.”

మెకానిక్ కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఎవరని భార్య అడిగింది. పళ్ళ డాక్టరనీ, ఇంటికెళ్తున్నాడనీ చెప్పాడు.

“ఆయన ఇంటికెళ్తే మీకు ఫోనెందుకు?”

“మన లిఫ్టులో దిగాడే,” అని ఆయన ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు.