అమావాస్య కాని ఆదివారం

మంచుకొండ మీది మా పోస్టుకు ఉదయం పదకొండింటికి చేరాను. ఎత్తు పదమూడు వేల అడుగులు. చలి మైనస్ పద్నాలుగు. వీపు మీద ఇరవై రెండు కేజీలు. వీరగాథ ఇక్కడ మొదలవ్వాలి. నేను వాంతి చేసుకున్నాను.

"మంచిదబ్బా, బంకరు బయటే కానిచ్చినావు" అన్నాడు వైర్‌లెస్ ఆపరేటర్. కడప మనిషి.

వారానికొక్కసారి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఇంటికి పది నిమిషాల ఫోను. ధర్మవరంలో తమ్ముడికి ఇరవై ఏళ్లు. మగ్గంలో కూర్చుని నేస్తూనే మాట్లాడేవాడు. వాడి చీరల వీడియోలను ఎవరో 'అన్న' తెగ మెచ్చుకుంటున్నాడట. తర్వాత ఆ అన్న రక్తం మరిగించే వీడియోలు పంపాడు. తర్వాత రహస్య గ్రూపులో చేర్చాడు. 'నువ్వు సింహానివి తమ్ముడూ, మనోళ్ల కోసం తెగించాల' అన్నాడు.

నాకు అనుమానం అక్కడే. నా చేతికి తుపాకీ ఇచ్చిన హవల్దార్ ఒక్కనాడూ సింహం అనలేదు. గాడిద అన్నాడు.

ఆరో ఆదివారం ఫోనులో మగ్గం చప్పుడు లేదు.

"యాడుండావురా?"

"ఇంట్లోనే అన్నా. ఈ పొద్దు అమావాస్య కదా."

అమావాస్యనాడు మా ఇంట్లో మగ్గం ముట్టరు. అబద్ధం బాగానే ఎంచుకున్నాడు. కాకపోతే మూడు రోజుల క్రితమే నేను నిండు వెన్నెల్లో కాపలా కాశాను. కొండల్లో చంద్రుడు ఉండడనుకున్నట్టున్నాడు.

"పున్నమి పోయి మూడు దినాలేరా. నిజం చెప్పు."

రైల్లో ఉన్నాడు. పెనుకొండ దాటాడు. హిందూపురం స్టేషన్లో ఆ వీడియోల 'అన్న' పంపిన మనిషి కలిసి ఎక్కడికో తీసుకుపోతాడట. ఇంట్లో చెప్పొద్దన్నాడట.

"ఆ 'అన్న' అనే ఆయప్ప పేరేమి?"

"అడగకూడదంట."

"మొగం?"

"చూడలేదన్నా."

"చీర కొనేటోళ్లకు తిరగేసి ఎనకపక్క గూడా చూపిస్తావు గదరా. ఈయప్పను తిరగేసి చూసినావా?"

లైను తెగింది.

"పది నిమిషాలు అయిపాయ" అన్నాడు ఆపరేటర్.

ఏడు రోజులు. నాలుగడుగుల మంచు. బంకరులో నేను జోకులు వేస్తూనే ఉన్నాను. అవి నాకే వినిపించలేదు.

తర్వాతి ఆదివారం తమ్ముడు ఫోనెత్తి, మాట్లాడకుండా మగ్గం దగ్గర పెట్టాడు. టక్, టక్. అప్పుడన్నాడు: "హిందూపురంలో దిగి, తిరుగు రైలెక్కినా."

"చప్పుడు రికార్డు చేసి పెట్టినాడేమో" అన్నాను ఆపరేటర్‌తో.

"నీది అనుమానం కాదప్పా, జబ్బు."

సర్వీసు ముగించుకుని ధర్మవరంలో దిగాను. దండలు లేవు, బ్యాండు లేదు. తమ్ముడు గుంటమగ్గంలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. గ్రూపులన్నీ వదిలేశానన్నాడు. పక్కన ఫోను బోర్లా పెట్టి ఉంది. ఉన్నట్టుండి దాని అంచు నుంచి వెలుగు పట్టుపోగుల మీద పడింది. వాడు తల తిప్పలేదు. గుంటలో వాడి కాలు మాత్రం ఆగింది. వెలుగు ఆరిపోయాక మళ్లీ మగ్గం తొక్కింది.

మంచు ఎంత తెల్లగా ఉండేదో మరిచిపోయాను. ఆ ఆగిన కాలు మాత్రం ఈనాటికీ నా కళ్ల ముందే ఉంది.