రైలెక్కుతూ ఆమె అన్న మాట

రాయచూరులో ఇంగ్లీషు సినిమా అందరికన్నా ముందు అర్థమైంది నాకే. నిధుల వేటగాడి సినిమా మూడు భాగాలుగా మా టాకీసుకు వచ్చినప్పుడు బాల్కనీ మొత్తానికి ప్రతి మాటా విడమరిచి చెప్పింది నేనే. ఇటు తెలుగు, అటు కన్నడం, వెనక వరసకు ఉర్దూ. నాకు దగ్గొస్తే జనం కథ ఆగిపోయిందనుకునేవాళ్ళు.

మొదటి భాగం ఎడారిలో, రెండోది మంచుకొండల్లో, మూడోది దీవి మీద. మొదటిదే గొప్పదని ఊరంతా అనేది. అందులో గుర్రాలెక్కువ, మాటలు తక్కువ కనుక నా ఓటూ దానికే. రెండోదే గొప్పదని పట్టుబట్టినవాడు నా స్నేహితుడొక్కడే. నలభై ఏళ్ళుగా మాకు అదే వాదన.

సరే, నిజం చెప్పేస్తాను. బాల్కనీ కాదు, బెంచీ. జనం కాదు, అతనొక్కడే. అతనికి ఎడమచెవి చిన్నప్పటినుంచీ మందం కనుక కుడిచెవిలో చెప్పేవాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లీషు యస్, నో, కమాన్. మిగిలినదంతా బొమ్మ చూసి అల్లిందే.

రెండో భాగం వచ్చేసరికి అతని భార్య అలిగి దేవదుర్గలో పుట్టింటికి పోయి మూడు నెలలైంది. వెళ్ళి పిలవడానికి ఇతనికి మొహం చెల్లలేదు. సినిమా చివర హీరోయిన్ రైలెక్కుతూ హీరోతో ఏదో అంది. ఇక రానని ఆమె ముఖంలోనే ఉంది. అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమంటున్నది రా?"

"నువ్వొచ్చి పిలిస్తే వస్తనంటున్నది."

ఆ మాట కోసమే రెండు రోజులకు నన్ను మళ్ళీ మ్యాట్నీకి లాక్కుపోయాడు. ఆ వారంలోనే అతని భార్య ఇంట్లో ఉంది. తానే దేవదుర్గకు పోయి తీసుకొచ్చానన్నాడు. కాపురం నిలబెట్టింది నేనేనని అప్పటినుంచి లోలోపల మీసం మెలేస్తూ వచ్చాను.

మూడో భాగం నా ప్రాణం తీసింది. అందులో హీరోయిన్ మారిపోయింది. రైలెక్కినామె ఏదని అడిగాడు. కాన్పుకు పోయిందన్నాను. వాళ్ళింట్లోనూ అప్పుడదే సంగతి కనుక నమ్మాడు. మరి ఈమె ఎవరంటే హీరో చెల్లెలన్నాను. ఇంటర్వెల్ తర్వాత వాళ్ళు చేసిన పనులకు ఆ చుట్టరికం నిలవలేదు. అతనికి మూడోది పాడు సినిమా కావడంలో తప్పు తీసినవాళ్ళది కాదు.

ఆ టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. మూడు భాగాలూ నా ఫోన్లోనే ఉన్నాయి. అప్పుడప్పుడు చూస్తాను. దీవి కూడా ఇప్పుడు బాగానే కనిపిస్తుంది. పక్కన చెవి మాత్రం లేదు. నా కథ నాకు నేనే ఎంతసేపు చెప్పుకోను?

వాళ్ళిద్దరూ నిరుటినుంచి యరగేరలో చేను దగ్గరే ఉంటున్నారు. అతను రోజూ ఫోన్ చేసేవాడు. కిందటి నెల టీవీలో రెండో భాగం తెలుగు మాటలతో వేశారు. ఆ రోజునుంచి ఫోన్ లేదు. నా అబద్ధం బయటపడింది, స్నేహం అయిపోయిందనుకున్నాను. పది రోజులు చూసి, పదకొండో రోజు బస్సెక్కాను.

అతను అరుగు మీద ఉన్నాడు. అలవాటుగా కుడిపక్కన కూర్చుని, అలవాటుగా చెవిలోనే చెప్పాను: ఆమె ఆ మాట అనలేదు, నీ కాపురం కోసం నేనే అల్లానని. అతను కదల్లేదు. కోపమనుకున్నాను. కోపం కాదు, ఆ చెవీ పోయింది. ఫోన్ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

మళ్ళీ మొదటినుంచి, వీధంతా వినేలా అరిచి చెప్పాను. అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"టీవీల చూసిన. ఆమె ఏమన్నదో నాకేం ఇనిపించింది రా? పక్కన నువ్వు లేకపోతివి."

అయినా ఊరుకోలేక, ఏమైతేనేం, ఆ మాట పట్టుకునే కదా దేవదుర్గకు పోయి మా చెల్లెమ్మను తెచ్చుకున్నావని అరిచాను. అతను చేనువైపు చూడసాగాడు. లోపల జొన్నరొట్టె తడుతున్న చప్పుడు ఆగింది.

"ఈయన దేవదుర్గకు రానే లేదన్నా," అంది అతని భార్య. "నేనే బస్సెక్కి వచ్చిన. వస్తే ఇంటికి తాళం. మీరిద్దరు మళ్ళ గదే సినిమాకు పోయిండ్రు. ఆట ఇడిసేదాంక మూట ఒళ్ళ పెట్టుకొని మెట్ల మీద కూసున్న."