పెద్దమ్మ నిమజ్జనం చేసిన మంత్రాల పుస్తకం

ఆ రోజుల్లో, అంటే నా చేతిలో ఫోను బదులు పెయింటు బ్రష్షు ఉండే రోజుల్లో, మా రాయపూర్ రైల్వే కాలనీలో ఒక కుర్రాడు చెడిపోయాడనడానికి రెండు సాక్ష్యాలు చాలేవి: నోట్లో గుట్కా, చేతిలో కథల పుస్తకం. నాకు మొదటిది అలవాటు లేదు. రెండోది అలవాటవుతుందని నేనే కాదు, మా మాస్టార్లు కూడా అనుకోలేదు. (తొమ్మిదో తరగతిలో బడిని నేనే వదిలేశానని నేనంటాను. తామే నన్ను వదిలించుకున్నామని వాళ్లంటారు.)

ఊరి శివారు భన్‌పురిలో లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో నేను పేంటర్ని. దిష్టి తగలకుండా లారీ వెనక కోరలూ నాలుకా బయటపెట్టిన రాక్షసుడి ముఖం వేయాలంటే నన్నే పిలిచేవారు. షెడ్డు యజమానిది కరీంనగర్ వైపు, కాపురం శంకర్ నగర్‌లో. ఆయన కూతురు కాలేజీకి వెళుతూ తండ్రికి టిఫిన్ డబ్బా ఇచ్చి పోయేది. మేమంతా చిన్న మేడమ్ అనేవాళ్లం. ఒకరోజు ఆమె సంచిలోంచి ఇటుకంత హిందీ పుస్తకం తీసి నా రంగు డబ్బాల మధ్య పెట్టింది. ఎవరో విదేశీ ఆవిడ రాసిన మంత్రాల నవల. గాలిని సీసాలో బంధించే మాంత్రికుడు, వాడి మీదికి ఇల్లు విడిచి బయల్దేరిన కుర్రాడు.

"ఇంట్ల చదవనిస్తలేరు. టీవీల ఎవరో స్వామి చెప్పిండట, ఇవి చదివితే దయ్యం పడ్తదని. మా నానమ్మ రోజూ నా అల్మారా చెక్ చేస్తది. నువ్వు చదివి నాకు కథ చెప్పు, పేంటర్."

"నాకు పట్టినా ఫర్వాలేదా మేడమ్?"

"నువ్వేసే బొమ్మలు జూస్తే దయ్యమే ఉరుకుతది."

అలా మొదలైంది. మధ్యాహ్నం లారీ కింద పడుకుని, రాత్రి ఇంట్లో దుప్పటి కింద దూరి చదివేవాణ్ణి. మర్నాడు ఆమె డబ్బా ఇచ్చి వచ్చి స్టూలు మీద కూర్చునేది, నేను రాక్షసుడికి కోరలు దిద్దుతూ కథ చెప్పేవాణ్ణి. నేను నోరు తెరిస్తే "ఆపరా" అనేవాళ్లే తప్ప "తర్వాత?" అన్నవాళ్లు అంతవరకూ లేరు. ఆ "తర్వాత?" కోసం అట్ట మీద ధర తప్ప దేన్నీ వదలకుండా చదువుతూ వచ్చాను.

ఇంకా వంద పేజీలున్నాయనగా నాకు జ్వరం పట్టుకుంది. మూడో నాడు లేచి తలగడ కింద తడిమితే పుస్తకం లేదు. నన్ను పెంచిన పెద్దమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా, పుస్తకమేదే?"

"నీకు జొరం ఎట్టిన పుస్తకమా? భజనకాడ ఆలందరూ సెప్పినారు. అది రాసినావిడ మంత్రగత్తెనట."

"ఆవిణ్ణి ఆలెప్పుడు సూసినారు?"

"సూస్తే ఒగ్గుతాదేటి?"

"మరి సిన్నప్పుడు నువ్వు సెప్పిన కథలో మాంత్రికుడు మనుసుల్ని రాళ్లు సేసీలేదా?"

"ఆడు మన మాంత్రికుడురా."

"పొయ్యిలో ఎట్టేసినావా?" అన్నాను. పెద్దమ్మకు నిజంగా కోపం వచ్చింది.

"పుస్తకాన్ని కాలుస్తారేట్రా? సరస్వతి కాదూ? తీసినప్పుడు కాలు తగిల్తే కళ్లకద్దుకున్నాను."

జరిగింది ఇదీ. పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, చిరిగిపోయిన దేవుడి పటాలతో కలిపి మూటగట్టి, ఆటోలో తీసుకెళ్లి ఖారున్ నదిలో కలిపి వచ్చింది. (దయ్యాల పుస్తకానికి ఇంత మర్యాద దాని సొంత దేశంలో కూడా జరిగి ఉండదు.) ఇంకోటి కొందామని ఊరంతా తిరిగాను. తెప్పించాలంటే రెండు వారాలన్నారు.

శనివారం చిన్న మేడమ్ వచ్చింది. "సోమవారం పై చదువుకు పూణె పోతున్న, హాస్టల్‌కి. ఇగ ఇటు రాను. జల్దీ చెప్పు, ఆఖరికి ఏమైంది?"

నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఆమె స్టూలు ముందుకు లాక్కుంది. అంతే, మాంత్రికుణ్ణి నేనే చంపేశాను. వాడు దాచిన సీసాలన్నీ ఒక్కసారి పగిలాయనీ, ఆ గాలికి వాడే కొట్టుకుపోయాడనీ చెప్పాను.

"మరి ఆ పిలగాడు?"

బ్రష్షు ఆగిపోయింది. "ఇంటికెళ్లిపోతాడు మేడమ్. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని వాళ్లమ్మ అడగదు. అన్నం పెడుతుంది. తింటూ తింటూ మంత్రాలన్నీ మర్చిపోతాడు."

ఆమె కళ్లు తుడుచుకుని, "మంచిగ రాసింది," అంది. "పుస్తకం నువ్వే ఉంచుకో. తీస్కపోతే నానమ్మ చూస్తది."

తర్వాత ఆమెను మళ్లీ చూడలేదు. ఇప్పుడా పుస్తకం రాయపూర్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతోంది. నలభై దాటినవాణ్ణి, దుకాణంలో నిలబడి తిరగేస్తాను, ఆ వంద పేజీల దగ్గరికి రాగానే మూసేస్తాను. "లేనా హై క్యా, అంకుల్?" అని అడుగుతాడు కొట్టు కుర్రాడు. కొననంటాను. పూణెలో అల్మారాలు వెతికే నానమ్మలు లేరు కదా, ఆమె మొదటి వారంలోనే కొని చదివేసి ఉంటుంది. పేంటర్ పచ్చి అబద్ధాలు చెప్పాడని తెలిసిపోయి ఉంటుంది. తెలిసినప్పుడు తిట్టుకుందో, ఒక్కర్తే నవ్వుకుందో గానీ, నవ్వే ఉంటుందనుకుని నేను కూడా కాస్త నవ్వుకుంటూ ఇంటికొచ్చేస్తాను.