పెదనాన్న ఓడల కింద నా పేరు

పెదనాన్న పోయిన కబురు నాకు ఆఫీసులో ఉండగా అందింది. ఫోనులో ఆయన కూతురు, మా అప్ప, ఏడవలేదు. "నాన్న పొద్దున్న పోయినాడు. నువ్వు రావాలని కాదు, తెలియాల గాబట్టి సెప్తన్నాను," అని పెట్టేసింది. ఆమె అలా మాట్లాడడానికి కారణం ఉంది. ఆ కారణం దాచి, ఆయన మంచితనం గురించి నాలుగు ముక్కలు రాసి ముగించడం నాకు సులువు. ఇన్నాళ్ళూ సులువైన పనే చేస్తూ వచ్చాను. ఈసారి అలా చేయదలచుకోలేదు.

రమ్మనకపోయినా వెళ్ళాను. ఓడరేవు పక్కన ఖిదిర్‌పూర్ సందులో పాడె దించడానికి చోటు లేక రెండు రిక్షాలను పక్కకు జరిపారు. యూనియన్ వాళ్ళు ఇద్దరు వచ్చి ఎర్రజెండా కప్పారు, మీటింగుందని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ జెండా పట్టుకుని ఆయన ముప్పై ఏళ్ళు ఊరేగింపుల్లో నడిచాడు. శ్మశానానికి పదకొండు మందిమి వెళ్ళాం. పొరుగాయన ఒకడు నా పక్కన నిలబడి, "మంచోడే గానీ, ముసలితనంలో ఆ బొమ్మల పిచ్చేటో!" అన్నాడు. నేను తలూపాను. అక్కడ కూడా తలూపాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చి హౌరాలో దిగినవాళ్ళు. నాన్న ఓడరేవు డాక్‌లో మూటలు మోశాడు. పెదనాన్న వించ్ నడిపాడు. అంటే ఓడ మీదే నిలబడి, ఇనుప తాడును చుడుతూ వదులుతూ, గొయ్యి లాంటి సరుకు గదిలోంచి బరువులు పైకి లాగే యంత్రం. కింద మనుషులుంటారు. చెయ్యి ఒక్కసారి తప్పితే వాళ్ళుండరు. ఆయన చెయ్యి ఎన్నడూ తప్పలేదని నాన్న చెప్పేవాడు. నాన్న పోయాక నా చదువు గురించి అడిగినవాడు పెదనాన్న ఒక్కడే. ఆయన ఒక్కగానొక్క కూతుర్ని నేను చిన్నప్పట్నుంచీ అప్ప అనే పిలిచాను. మా వైపు అక్కను అలాగే అంటాం.

కంటైనర్లు వచ్చాక వించ్‌ల ఓడలు రావడం తగ్గిపోయింది. ఆయనా రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి కూతురింట్లో, ఒక కిటికీ ఉన్న గదిలో చేరాడు. ఆ కిటికీ దగ్గర కూర్చుని ఓడలు చేయడం మొదలుపెట్టాడు. సరుకు పెట్టెల చెక్క, నూనె డబ్బాల రేకు, విరిగిన గొడుగుల పుల్లలు. అల్లుడు మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కణ్ణుంచి తెచ్చిన దారపు ముక్కలు ఓడ తాళ్ళయ్యేవి. నమూనా కాగితం ఏదీ ఉండేది కాదు. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించి, "ఇదిగో, ఇక్కడుంటాది పిడి," అనేవాడు. వానాకాలంలో ప్రతి చెక్కనూ జిగురు పెట్టే ముందు చెంపకు ఆనించుకుని చూసేవాడు, చెమ్మ ఉందేమోనని.

సందులోవాళ్ళు నవ్వేవారు. "ఏటి దాదా, ఎప్పుడు ఒదుల్తావు గంగలో?" అని అడిగేవారు. అల్లుడు మంచివాడే. కానీ ఇంటికి ఎవరైనా వస్తే ఓడల మీద దుప్పటి కప్పేవాడు.

అప్పట్లో నేను ఊళ్ళో ఆఫీసులన్నీ ఉండే డల్హౌసీలో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాను. ఇంట్లో కంప్యూటర్ కొత్తగా కొన్నాను. ఒక రోజు వెతుకుతూ ఉంటే ఓడల నమూనాలు చేసేవాళ్ళు ఫొటోలు పెట్టుకుని, తప్పొప్పులు మాట్లాడుకునే ఒక చోటు ఇంటర్నెట్‌లో కనిపించింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఉన్నారు. సభ్యుడిగా చేరడానికి పేరు అడిగింది.

"నీ పేరే రాసీ బావూ," అన్నాడు పెదనాన్న. "నాకు ఇంగిలీసు రాదు, ఎవుడైనా ఏటైనా అడిగితే సెప్పనేను. పేరుదేటుంది."

ఆ మాటను పట్టుకుని నాలుగేళ్ళు బతికాను.

మొదటి ఓడ ఫొటో పెట్టిన రెండోరోజు పోలెండు నుంచి ఒకాయన రాశాడు. ఓడలు కట్టే చోట నక్షాలు గీసి రిటైరైనవాడు. 'నీళ్ళ పైన ఉన్నదంతా ఆ డెక్కు మీద నిలబడిన మనిషి చేసినట్టుంది. నీళ్ళ కింద ఉండాల్సింది మాత్రం పూర్తిగా తప్పు. ఇలాంటి పొట్టతో ఏ ఓడా తేలదు, ఒరిగిపోతుంది' అని ఉంది. చదివి చెప్పడానికి నేను నసిగాను. పెదనాన్న వదల్లేదు. విన్నాక దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నిజిమే కదరా! ముప్పయ్యేళ్ళు ఓడలెక్కి దిగినాను. నీళ్ళ కింద ఏటుంటాదో నానేనాడు సూసినాను? ఆడు సూసినాడు. అడుగు, ఎలగుంటాదో అడుగు."

అడిగాను. నెల తిరక్కుండా పొడవాటి అట్ట గొట్టం ఒకటి పోస్టులో వచ్చింది. లోపల ఓడ అడుగుభాగం నక్షాలు, చేత్తో గీసినవి. పెదనాన్న వాటిని నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టి, ఆ వంపుల మీద బొటనవేలు మెల్లగా నడిపించాడు. గొట్టం మీద నా పేరు ఉంది. దాన్ని వేలితో చూపించి, "ఇది నీ పేరేనా?" అని అడిగాడు. అవునన్నాను. అక్షరాలను కాసేపు చూసి, బాగుంది అన్నట్టు తల పంకించాడు. ఆ ఓడ అడుగంతా ఊడదీసి మళ్ళీ చేశాడు.

ఆ రోజునుంచి ప్రతి ఆదివారం నాలుగింటికి మా ఇంటికి వచ్చేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునేవాడు, పెళ్ళికి వెళ్ళినట్టు. కరెంటు పోతే తిరిగి వచ్చేదాకా విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేవాడు. "పోలెండు దాదా ఏటన్నాడు?" అన్నది మొదటి ప్రశ్న. వాళ్ళు వించ్‌ల గురించి అడిగేవారు, ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. వాళ్ళు తప్పు చూపిస్తే ఆయన దిద్దుకునేవాడు. డాక్‌లో ఆయనకు ఆజ్ఞలు ఇచ్చినవాళ్ళున్నారు, జీతం కోసినవాళ్ళున్నారు, జెండా చేతికిచ్చినవాళ్ళున్నారు. తెలిసింది అడిగి, తెలియంది నేర్పి, వచ్చే వారం ఏం చేశావని ఎదురుచూసినవాళ్ళు అంతకుముందు లేరు. అరవై దాటాక ఆయనకు తోటి పనివాళ్ళు దొరికారు. పోలెండు దాదా భార్యకు ఆపరేషన్ అని తెలిసినప్పుడు కాళీఘాట్‌కి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చి, ఆ సంగతి రాయమన్నాడు. రాశాను. కృతజ్ఞతలు నా పేరుకు వచ్చాయి.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. 'మీ చేతులు గొప్పవి' అని వాళ్ళు రాస్తే మొదట్లో నవ్వుకునేవాణ్ణి. తర్వాత ఆఫీసులో ఆ ఫొటోలు చూపించాను. ఎవరు చేశారని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. గుమాస్తాగా నన్ను గుర్తుపట్టని పెద్ద మేనేజరు ఒకరోజు లిఫ్టులో, "మీరేగా ఓడలు చేసేది?" అన్నాడు.

మూడో ఏడు ఆ గుంపులోనే ఉన్న ఒక బెంగాలీ పెద్దమనిషి రాశాడు. ఓడ ఇంజనీరుగా రిటైరైనవాడు, భవానీపూర్‌లో ఉంటాడు. 'మీరు మన ఊళ్ళోనే ఉన్నారా!' అని ఆశ్చర్యపోయి, చేతిపనుల ప్రదర్శన పెడుతున్నాం, మీ ఓడ తీసుకుని రండి అన్నాడు. పెదనాన్నకు చెబితే ఆ వారమంతా ఓడకు రంగు దిద్దాడు. ప్రదర్శనకు ముందురోజు నేను, "సభ్యుల్ని మాత్రమే రానిస్తారంట పెదనాన్నా," అన్నాను. అది అబద్ధం. ఆ హాల్లో, ఆ మనుషుల మధ్య, లుంగీ కట్టుకునే ఈ మనిషి పక్కన నన్ను ఊహించుకోలేకపోయాను.

"అలగే బావూ," అన్నాడు. "జాగర్తగా పట్టికెళ్ళు. బస్సులో గుద్దీస్తారు, డెరిక్కు కర్ర ఇరిగిపోద్ది."

హాల్లో ఓడ కింద అట్టముక్క మీద నా పేరు అందంగా రాసి పెట్టారు. బెంగాలీ పెద్దమనిషి భూతద్దంతో చాలాసేపు చూసి, "ఎటా ఆప్నార్ నిజేర్ హాతేర్ కాజ్?" అని అడిగాడు. మీ సొంత చేతి పనేనా అని. "హ్యాఁ," అన్నాను. ఒక్క మాట. ఆయన ఇంకొంచెం వంగి, బరువులెత్తే ఈ రెండు డెరిక్కు దూలాల తాళ్ళూ ఒకే కొక్కేనికి కట్టి ఉన్నాయి కదా, బరువు మధ్యలో ఊగకుండా ఎలా ఆపేవారు అని అడిగాడు. నాకు తెలియదు. ఏదో గొణిగాను.

అప్పుడు వెనకనుంచి ఎవరో డాక్ హిందీలో జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఒక తాడు వదులుతుంటే రెండోది అంతే లాగాలి, రెండు చేతులూ ఒకేసారి వ్యతిరేకంగా నడవాలి. తెల్లచొక్కా, కొత్త పంచె. పెదనాన్న రెండు బస్సులు మారి వచ్చాడు. గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు, ఎందుకు ఆపుతారు? చెబుతూ చెబుతూ చేతులు ఆడించాడు. నలుగురూ చుట్టూ చేరారు.

"మీరెవరు?" అని అడిగాడు పెద్దమనిషి.

పెదనాన్న ఓడ వైపు చూశాడు. దాని కింద అట్టముక్కను చూశాడు. చదవడం రాకపోయినా ఆ అక్షరాలు ఆయనకు తెలుసు. నా ముఖం వైపు చూశాడు. "ఈ బాబుకి పొరుగోణ్ణి," అన్నాడు హిందీలో. "డాక్‌లో పనిచేశాను. అందుకే తెలుసు."

తిరుగు బస్సులో ఓడను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కింది. అక్కడ, "ఆయన మంచి ప్రెశ్నే అడిగినాడు," అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మర్నాటి ఆదివారం నాలుగింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "పోలెండు దాదా ఏటన్నాడు?" అని అడిగాడు. నన్ను తిట్టి ఆ తలుపు మూసుకోవడానికి ఆయనకు ఇంకో తలుపు లేదు. అది నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అప్ప ఊరుకోలేదు. మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఈ ఓడలు మా నాన్నవని రాస్తావా, రాయవా?" అంది. రాస్తానన్నాను. తర్వాత రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను. నాలుగోసారి అడగలేదు.

ఆయన పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు రాశాను. అన్నీ రాశాను, ఆ హాల్లో అన్న ఒక్క మాటతో సహా. ఇతరుల పనిని తనదని చెప్పుకున్నవాణ్ణి తీసేయాలని ఆ గుంపులో నియమం ఉంది. సాయంత్రానికల్లా తీసేశారు. నా పేరుతో ఉన్నవన్నీ దాంతోపాటే పోయాయి. ఫొటోలు, ఆయన చెప్పగా రాసిన జవాబులు, నాలుగేళ్ళ ఆదివారాలు. నేను దాచుకోలేదు. అబద్ధంతో ఆయన పేరు తీసుకున్నాను, నిజంతో ఆయన మాటలు చెరిపేశాను.

పోలెండు దాదా విడిగా నాకు ఉత్తరం రాశాడు. చిన్నది. 'నువ్వు టైపు చేశావు, అంతే. నేను నాలుగేళ్ళు మాట్లాడిన మనిషి పేరేమిటి?' అని. పేరు రాసి పంపాను. ఆ పేరుతో వాళ్ళు ఒక పేజీ తెరిచారు. ఎవరెవరో తమ దగ్గర దాచుకున్న ఫొటోలు పెట్టారు, పద్దెనిమిది దొరికాయి. జవాబులు ఎవరూ దాచుకోలేదు. మళ్ళీ అడగొచ్చు కదా అనుకుని ఉంటారు.

ఆ పేజీ గురించి అప్పకు చీటీ రాసి పంపాను. ఆమె పదో తరగతి దాకా చదివింది. సైబర్ కేఫ్‌లో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, సొంత పేరుతో సభ్యురాలిగా చేరింది. ఆ పని ఆమెకు నాలుగేళ్ళ కిందటే చూపించి ఉండొచ్చు. నాకు తోచలేదు. తోచలేదన్నది కూడా నిజం కాదు.

మొన్న ఆ పేజీలో కొత్త సభ్యుడొకడు ప్రశ్న వేశాడు. సరుకు గది మూత మీద టార్పాలిన్ పరిచి, అది ఎగిరిపోకుండా అంచుల్లో చిన్న చెక్కలు బిగిస్తారు. ఒక వైపు లావుగా, ఇంకో వైపు పలచగా ఉంటాయవి. ఫొటోలో సరిగా కనబడటం లేదు, వాటి లావు వైపు ఓడ ముందుకు ఉందా, వెనక్కి ఉందా అని అడిగాడు. ఇది నాకు తెలుసు. ముందు నుంచి కెరటం వచ్చి కొట్టినా చెక్క ఊడిపోకూడదు, ఇంకా బిగుసుకోవాలి, అందుకని ఎటు పెట్టాలో ఆయన నాకు చెప్పాడు. ఆ పేజీ నేను చదవగలను, రాయలేను. ఆఫీసు నుంచి నేరుగా అప్ప ఇంటికి వెళ్ళాను.

ఓడల మీద దుప్పటి లేదు. నేను నోరు తెరవగానే చెయ్యెత్తి ఆపింది.

"సూసినాను ఆ ప్రెశ్న. నువ్వు సెప్పకు. నువ్వు సెప్పి నాను రాస్తే మళ్ళీ నీ మాటయిపోద్ది."

కూర్చోమనలేదు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఆమె ఒక ఓడను రెండు చేతులతో ఎత్తి కుట్టుమిషన్ బల్ల మీద పెట్టింది. బల్బు తీగ కిందికి లాగింది. సూది తీసుకుని, గోరంత టార్పాలిన్ అంచు మడతను చిరక్కుండా కొంచెం పైకి లేపింది. దాని కింద బియ్యపు నూకల్లాంటి చెక్కముక్కలు వరసగా ఉన్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి వంగింది. సూది మొన ఒక్కో ముక్కనూ తాకుతూ, లావు ఎటుందో వెతుక్కుంటూ, ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా జరుగుతోంది.