పౌడరు ఎవరు పూశారు

నా కాళ్లకి పౌడరు పూసింది మా అమ్మ కాదు. ఈ ఒక్క ముక్క ముందే అనేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. ఎందుకంటే ఈ ఏడాదంతా ఊరూరా తిరిగి, స్టేజీ ఎక్కి, అంత వెలుగులో నిలబడి, పూసింది మా అమ్మేనని చెప్పుకుంటూ వస్తున్నాను.

చిన్నప్పుడు నేను నేర్చుకున్నది బ్యాలే. మెట్టుగూడలో మా చర్చి వెనక హాల్లో నేర్పేవారు. టీచరమ్మ మౌలాలి రైల్వే కాలనీ నుంచి వచ్చేది. పియానో మా అమ్మ వాయించేది. పగలు స్కూల్లో లెక్కల పంతులమ్మ, ఆదివారం చర్చిలో కీర్తనలు వాయించే మనిషి, ఆవిడకి బ్యాలే సంగీతం ఎక్కడొస్తుంది? తనకొచ్చిన కీర్తనలనే నెమ్మదిగా సాగదీసి వాయించేది. మేం వాటికే మోకాళ్లు వంచి లేచేవాళ్లం. నా వరకు స్వర్గమూ బ్యాలే ఒకే శ్రుతిలో ఉండేవి.

ఇప్పుడు నేను చేసేది బ్యాలే కాదు, బ్యాలేతో తగువు. ఒక్కదాన్నే ఆడే నాట్యం ఒకటి తయారుచేశాను. ఆ తెల్లవాళ్ల డాన్సులో ఈ సికింద్రాబాద్ నల్లపిల్ల ఎవరు అన్నదే అందులో సంగతి. పెద్ద మాటల్లో దాన్ని అస్తిత్వం అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లుమంట. అయినా కరపత్రంలో నేనే వేయించుకున్నాను, సిగ్గులేకుండా.

జరిగింది ఇది. నాకు పదకొండేళ్లప్పుడు చర్చి హాల్లో మా ప్రదర్శన పెట్టారు. పొడుగు మేజోళ్లు ఒంటి రంగులో ఉండాలి, నడుము నుంచి బొటనవేలి దాకా కాలు ఒకే గీతలా కనపడాలి అని టీచరమ్మ ఆజ్ఞ. ఒంటి రంగంటే అందరికీ గులాబీ రంగనే అర్థం. గులాబీ రంగు ఒళ్లు ఆ హాల్లో ఒక్కరికీ లేకపోయినా సరే. మా అమ్మ లెక్కల మనిషి కదా, అన్న మాటని అన్నట్టే తీసుకుంది. ఒంటి రంగు అంటే మా పిల్ల ఒంటి రంగే కదా అనుకుని, నా గులాబీ మేజోళ్లని చిక్కటి టీ డికాషన్‌లో ముంచింది. ఆరేసి, నా కాలి పక్కన పెట్టి చూసి, చాలక మళ్లీ ముంచింది. చివరికి అచ్చం నా రంగొచ్చింది.

నేనా, ఇల్లు పీకి పందిరేశాను. అందరికీ గులాబీవి, నాకొక్కదానికి టీ రంగువా అని నేలకేసి కొట్టాను. తొడుక్కోనంటే తొడుక్కోనన్నాను. ప్రదర్శన రోజు తెర వెనక ఎవరిదో పౌడరు డబ్బా దొరికితే సగం డబ్బా నా కాళ్లకి నేనే పూసుకుని స్టేజీ మీదికి పోయాను. ఎగిరినప్పుడల్లా తెల్లటి పొగ లేచింది. పియానో దగ్గర అమ్మకి ఒకటే తుమ్ములు. హాలంతా నవ్వింది. ఆ టీ రంగు మేజోళ్లతో ఆవిడ చాన్నాళ్లు పియానో మీద దుమ్ము తుడిచేది.

ఇక అబద్ధం సంగతి. రిహార్సల్లో నేను కాళ్లకి పౌడరు పూసుకుంటున్నాను. నాట్యాన్ని బయటి మనిషిగా చూసి సలహా చెప్పడానికి ఒకావిడ బెంగళూరు నుంచి వచ్చింది. "బాగుంది. కానీ ఈ పౌడరు నీకు ఎవరు పూశారు?" అని అడిగింది. నేనే అని ఉంటే సరిపోయేది. నా నోరు "మా అమ్మ" అంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. అంతే, అది ఆటలో ఉండిపోయింది. గులాబీ మేజోళ్లతో వస్తాను, వాటిని విప్పేస్తాను, కాళ్లకి పౌడరు పూసుకుంటూ, "కొంచెం తెల్లగా కనపడమ్మా అని మా అమ్మ పూసేది" అంటాను. ప్రతి ఊళ్లోనూ అక్కడే ఏడుస్తారు.

వేరే ఊళ్లలో ఆడినన్నాళ్లు ధీమాగానే ఉన్నాను. మొన్న సికింద్రాబాద్‌లోనే ఆడాల్సి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. అమ్మ చర్చి నుంచి ఇంటికి కూడా రాకుండా, పక్కింటి ఆంటీని వెంటపెట్టుకుని సరాసరి వస్తానంది. వారం రోజులు మా ఇంట్లో తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చెప్పనైనా చెప్పాలి, ఆ ముక్క తీసైనా తీసేయాలి. తీసేస్తే ఆట కూలిపోతుందని నాకు తెలుసు. అందుకని రెండూ చేయలేదు.

ఆ వాక్యం చెప్పేటప్పుడు చూడకూడదనుకుంటూనే చూశాను. రెండో వరసలో అమ్మ నన్ను చూడటం లేదు. ఒళ్లో పెట్టుకున్న తన అరచేతుల్ని చూసుకుంటోంది.

ఇంటికొస్తుంటే ఆటోలో ఆంటీ ఊరుకోలేదు. "ఏందక్కా, పిల్లని గంత తక్లీఫ్ పెట్టినవా? నాకైతే ఎన్నడు చెప్పలే," అంది.

"నాకే గుర్తు లేదమ్మా," అంది అమ్మ. ఈమధ్య అమ్మకి మరుపు ఎక్కువైంది. పాత సంగతి ఏదొచ్చినా నన్నే అడుగుతుంది, నీకు బాగా గుర్తుంటాయని. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన తప్పదు. ఇప్పుడు కుటుంబమంటే ఇద్దరమే. కళ్లు మూసుకుని పైకే ప్రార్థించాలి. పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు తర్వాత. ఒకరిది అవగానే రెండోవాళ్లు ఆమేన్ అనాలి. ఆ ఆమేన్ చిన్నప్పటి నుంచీ నా నాలిక చివర తయారుగా ఉంటుంది.

"ప్రభువా," అంది అమ్మ, "నీ చేతులతో చేసిన బిడ్డని నేను తక్కువ చేశాను. నీవిచ్చిన రంగు మీద పౌడరు పూశాను. చేసింది కూడా మర్చిపోయాను, అంత బండ గుండె నాది. నన్ను క్షమించు తండ్రీ."

"ఆమేన్," అన్నాను నేను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. తర్వాత వంతు నాదే. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు, ఎదుటి మనిషి కళ్లు కూడా మూసుకునే ఉన్నాయి. నేను ఆంటీ మోకాళ్ల నొప్పి తగ్గాలని ప్రార్థించాను. అమ్మ ఆమేన్ అంది.

మర్నాడు రెజిమెంటల్ బజార్‌లో బట్ట తీసుకుని ఇంటికొచ్చేసరికి వంటింటి నిండా టీ వాసన. పొయ్యి పక్కన స్టీలు గిన్నె, దాన్నిండా నల్లటి డికాషన్, అందులో నా గులాబీ మేజోళ్లు. అమ్మ చేతులు మణికట్టు దాకా అందులోనే ఉన్నాయి.

"కోప్పడకు తల్లీ," అంది. "రాత్రంతా ఆలోచించాను. ఒంటి రంగు అంటే నీ ఒంటి రంగే కావాలి కదా. అప్పుడే ఇట్లా చేయాల్సింది. అప్పుడు నాకు తోచలేదు."

"నీకు తోచిందమ్మా," అన్నాను.

అంతా చెప్పాను. డికాషన్, ఆరేయడం, మళ్లీ ముంచడం, నా ఏడుపు, పౌడరు, పియానో దగ్గర ఆవిడ తుమ్ములు, అన్నీ. బెంగళూరు ఆవిడ అడిగిందీ, నేను అన్నదీ కూడా దాచలేదు. మేజోళ్లు పిండుతూ వింది. తుమ్ముల దగ్గర కొంచెం నవ్వింది కూడా. అమ్మయ్య, గుర్తొచ్చిందనుకున్నాను.

"నా ప్రార్థన విని జాలిపడ్డావు," అంది. "అందుకే ఇదంతా కల్పిస్తున్నావు."

"కాదమ్మా. నీ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నిన్న నేను చూశాను కదా. అబద్ధమైతే అంత బాగా రాదులే తల్లీ. హాలంతా ఏడ్చింది."

అమ్మ నేల మీద కూర్చుని, కాలు చాపమంది. చాపాను. తడి మేజోడు నా పిక్క పక్కన ఆనించి, తల పక్కకి వంచి చూసింది. చాలలేదు. మళ్లీ గిన్నెలో ముంచింది.