ఎత్తని చెయ్యి

మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయి అత్తగారు, పోయిన నెల చనిపోయింది. మన సంఘ పత్రికల్లో ఇలాంటప్పుడు ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేస్తారు. వేసుకోండి, కాదనను. కానీ ముప్పయ్యేళ్ళ పాటు నాతో వాదించి, ఆ వాదనలో ఒక్కనాడూ కునుకు తీయని మనిషి గురించి ఆ మాట రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు.

పొద్దున్నే ఫోను మోగింది. మా అమ్మాయి “అమ్మా” అని ఆగిపోయింది. అంతటితో తెలిసిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వాదన సగంలో వదిలేసి లేచిపోవడం ఆవిడ అలవాటు కాదు.

ఆ కోపం తగ్గకముందే ఆవిడ కోసం పెట్టిన ఆదరణ కూడికలో ఇంకొకటి వచ్చి చేరింది. ఒక యువ సువార్తికుడు మైకు పట్టుకుని, “తల్లిగారు చివరి రోజుల్లో కుడిచెయ్యి పైకెత్తి, కన్నీళ్ళతో రక్షణను అంగీకరించారు” అని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆవిడ చెయ్యి ఎత్తలేదు. నేను ఆ ఆసుపత్రి గదిలోనే ఉన్నాను. ఎత్తితే ఏం, ఎత్తకపోతే ఏం అంటారా? ఆవిడ ఎవరో తెలిస్తే అలా అనరు.

మాది కృష్ణా జిల్లా. మావారు మిలిటరీలో చేసి రిటైరయ్యాక హైదరాబాదు సైనిక్‌పురిలో ఇల్లు కట్టారు. నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఆవిడ ఆ పక్కనే కాప్రాలో పుట్టి పెరిగింది, అక్కడి సర్కారు ప్రాథమిక బడికి పెద్ద టీచరమ్మ. ఇద్దరివీ తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబాలే, సంఘాలు మాత్రం వేరు. దేవుడు పిలిస్తే రావడమో మానడమో మనిషి ఇష్టమని మా సంఘంలో చెబుతారు. వాళ్ళ సంఘంలో ఆ ఇష్టం కూడా దేవుడు పుట్టించాల్సిందే, అంతా కృపే, మనిషి చేసేదేమీ లేదని చెబుతారు. పెళ్ళి మాటలకి వాళ్ళు మా ఇంటికి వచ్చిన రోజు, లాంఛనాల దగ్గర గొడవ పడాల్సిన ఆడవాళ్ళం స్వచిత్తం దగ్గర గొడవ పడ్డాం.

“కడుపుల ఉన్న బిడ్డ నన్ను కనుమని చెయ్యెత్తుతదా వదినా?” అందావిడ.

“పుట్టాక పాలు తాగాలంటే నోరైనా తెరవాలి కదండీ వదినగారూ.”

“నోరు తెర్వనీకె ఆకలి ఎవరిచ్చిన్రు?”

“ఆకలేసినా తాగనని మొరాయించే పిల్లలు లేరా? మీ అబ్బాయే అలా చంపుకుతినేవాడని ఇందాక మీరే అన్నారు.”

పెళ్ళికొడుకు తలవంచుకున్నాడు. మగవాళ్ళు రెండోసారి టీ తాగి, మమ్మల్ని కదిలించడం క్షేమం కాదనుకుని, పెళ్ళి తేదీ వాళ్ళే ఖాయం చేసుకున్నారు.

ఉజ్జీవ సభలకి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. ప్రసంగం చివర సంగతి మీకు తెలిసిందే. అందరూ కళ్ళు మూసుకోండి, ఎవరూ ఎవర్నీ చూడకండి, నిర్ణయం తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటారు. ఆవిడ కళ్ళు మూసుకునేది కాదు, చెయ్యి ఎత్తేది కాదు. ఒళ్ళో పల్లీల పొట్లం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఒలుచుకుంటూ లోకాన్ని చూసేది. మా వీధిలో ఒకాయన ప్రతి యేడూ ఎత్తేవాడు. “పాపం, పోయినేడుది ఖరాబయినట్టున్నది వదినా,” అని నా చెవిలో ఊదేది. ప్రార్థన మధ్యలో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించిన పాపం నాది.

బడిలోనూ అంతే. ‘తెలిసినోళ్ళు చేతులెత్తండి’ అని పిల్లల్ని ఏనాడూ అడగలేదు. “ఎత్తినోనికి పొగరు, ఎత్తనోనికి సిగ్గు. రెండు నాకొద్దు,” అనేది. పక్కకెళ్ళి వంగి, ఒక్కొక్కరినీ మెల్లగా అడిగేది.

ఆవిడ చెయ్యి చాచడం మాత్రం నేను చూశాను. వాళ్ళ గుడిలో ప్రభువు బల్ల రోజున రొట్టె కోసం అరచెయ్యి నడుము దగ్గర, కిందగా, మధ్యాహ్న భోజనం వరసలో నిలబడ్డ పిల్లలా పట్టేది. రొట్టె పడ్డాక కూడా ఆ చెయ్యి వెంటనే మూసేది కాదు. కాసేపు అలాగే చూసుకునేది.

ఇక అసలు సంగతి. ఆ రోజుల్లో ప్రభుత్వానికి ప్రజల మీద ప్రేమ ముదిరింది. ముదిరి శ్రమదానాల్లోకీ ప్రతిజ్ఞల్లోకీ సభల్లోకీ దిగింది. వాళ్ళ బడికి వచ్చిన ఉత్తర్వు ఆవిడే నాకు చదివి వినిపించింది. స్వచ్ఛంద శ్రమదానమునకు ఉపాధ్యాయులందరు తప్పనిసరిగా హాజరు కావలెను, రానివారిపై చర్య తీసుకొనబడును.

“చరిత్ర చెప్పేదానివి గద, గీ స్వచ్ఛందం ఏ రాజు కాలంలది వదినా?”

“అందరి కాలంలోనూ ఉన్నదే. అప్పట్లో వెట్టి అనేవాళ్ళు.”

రోజూ గేటు తీయగానే చీపురు పట్టి ఆవరణ ఊడ్చేది ఆవిడే. శ్రమదానం రోజు మాత్రం ఫొటోల వాళ్ళు వచ్చేసరికి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. “రోజు ఊడుస్త సార్. ఇయ్యాల నాకు సెలవు,” అందట.

ఆవిడ ప్రభుత్వమంటే పడని మనిషి అనుకునేరు. ఎన్నికల డ్యూటీ తప్పించుకోలేదు. పోలియో చుక్కలకీ జనాభా లెక్కలకీ కాప్రా చెరువు చుట్టూ ఎండలో తిరిగింది. “సర్కారును సుత దేవుడే పెట్టిండు వదినా. గానీ గేటు కాడ పెట్టిండు, లోపట గాదు,” అనేది.

గేటు కాడ ఉండాల్సిన ఆ సర్కారు ఒకరోజు లోపలిదాకా వచ్చింది. బడి ఆవరణలో షామియానా వేసి వార్డు సభ పెట్టారు. బడి వెనకున్న ఆటస్థలంలో కమ్యూనిటీ హాలు కట్టాలని తీర్మానం. నాది ఆ వార్డు కాదు గనక వెనక కుర్చీల్లో ఊరికే కూర్చున్నాను. ఆఫీసరు మైకులో, “అందరు చేతులెత్తండి, ఏకగ్రీవం అని రాస్కుందం,” అన్నాడు. చేతులు లేచాయి. ఎందుకో తెలియనివాళ్ళవీ లేచాయి, ముందు వరసలో ఒకాయనవి రెండూ లేచాయి. వేదిక మీద ఉన్న మా వదిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

“మేడమ్, మీరు సుత.”

“సార్, అడుగుతున్నరా, ఎత్తుమంటున్నరా?”

“రెండు ఒకటే గద మేడమ్.”

“ఒకటి గాదు సార్. అడిగితే, వద్దంట. పిల్లలకు ఉన్నదే గంత జాగ. ఎత్తుమంటే, అది మీ చెయ్యి, నాది గాదు.”

వెనక ఎవరో నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే గుమాస్తా వైపు తిరిగి, “ఏకగ్రీవం. రాస్కో,” అన్నాడు.

సెలవులయ్యేసరికి ఆవిడకి బదిలీ వచ్చింది, శామీర్‌పేట అవతలకి. రెండు బస్సులు మారి రిటైరయ్యేదాకా వెళ్ళివచ్చింది. హాలు కట్టారు. పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారు, మిగతా రోజుల్లో తాళం. పిల్లలు సందులో ఆడుకుంటూ ఆటోవాళ్ళతో తిట్లు తింటారు. గెలిచింది ఎవరో నేను మీకు చెప్పక్కర్లేదు. ఇలాంటి కథల చివర న్యాయం జరగాలని ఆశపడే వయసు నాది కాదు.

నాకు ఒళ్ళు మండి, ఆ వారమే వాళ్ళ వంటింట్లో నిలదీశాను. ఆవిడ రోట్లో చింతకాయ తొక్కు నూరుతోంది.

“దేవుడి దగ్గరేమో మనిషికి సొంత ఇష్టమే లేదంటారు. ఆఫీసరు దగ్గరికి వచ్చేసరికి ఇంత ఇష్టం ఎక్కడి నుంచి తెచ్చారు? రెంటిలో ఒకటి అబద్ధమై ఉండాలి వదినగారూ.”

నూరడం ఆపలేదు. “నా ఇష్టం ఆయనకు ఇచ్చేసిన వదినా. ఇంగ వేరేటోళ్ళకు ఇయ్యనీకె నా తాన ఏమున్నది?”

‘ఇచ్చేసిన’ అన్నారు కదా, ఇచ్చింది ఎవరు, మీరే కదా, అదే స్వచిత్తమంటే, అని అడగాల్సింది. ఇంటికొచ్చి పప్పు పోపు పెడుతుంటే తట్టింది. మర్నాడు అడిగితే, “నిన్నటి వాదన నిన్ననే పాసిపోయింది,” అంది.

చివరి నాలుగేళ్ళూ ఆవిడ కుడిభుజం పట్టేసింది. ఆ చెయ్యి మెడ దాకా కూడా లేచేది కాదు. జడ మా అమ్మాయే వేసేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రిలో చేర్చాక మా అల్లుడు నన్ను వరండాలోకి పిలిచాడు. ఈమధ్య యాప్రాల్‌లో ఏదో కొత్త ప్రార్థన బృందానికి వెళుతున్నాడు. మనిషి బెదిరిపోయి ఉన్నాడు.

“అత్తమ్మా, అమ్మ ఎన్నడు ఏ సభల చెయ్యెత్తలే. మా బ్రదర్ అంటుండు, నిర్ణయం తీస్కోకుండ పోతే…”

“మీ అమ్మ రక్షణకి మీరు జామీను నిలబడక్కర్లేదు బాబూ. ఆ పని ఎప్పుడో ఒకాయన చేసేశాడని ఆవిడే కదా నా ప్రాణం తీసింది.”

“మీకు అంతా మజాకే అత్తమ్మా.”

మర్నాడు ఆ బ్రదర్‌ని తీసుకొచ్చి, తను తలుపు దగ్గరే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత కూడికలో మైకు పట్టుకున్నది ఈ బ్రదరే, పాతికేళ్ళు ఉంటాయేమో. మంచం పక్కన మోకరించి, “అమ్మా, ప్రభువును అంగీకరిస్తే చెయ్యెత్తండి,” అన్నాడు. ఆవిడ అతన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ‘ఇదిగో, నీ స్వచిత్తం వచ్చింది చూడు’ అన్నట్టు ఒక వెక్కిరింపు చూపు. చేతులు దుప్పటి మీద అలాగే ఉన్నాయి. అతను ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు. కుడి మణికట్టు పట్టుకుని తనే పైకెత్తాడు.

ఆవిడ మొహం నొప్పితో మెలి తిరిగింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

“స్తోత్రం! ఆ కన్నీళ్ళు చూడండి!” అన్నాడతను. అతనికీ కన్నీళ్ళు వచ్చాయి. అవి దొంగవి కావు, అదే ఇంకా బాధ.

“చెయ్యి దించు నాయనా! భుజం పట్టేసిన చెయ్యి అది!” అని అరిచాను. బ్రదర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు, నేను కూడా ఆత్మతో ప్రార్థిస్తున్నాననుకున్నాడో ఏమో, గొంతు ఇంకా పెంచాడు. నేనే వెళ్ళి ఆ చెయ్యి విడిపించి కిందికి దించాను.

అదీ ఆ కుర్రాడి సాక్ష్యం వెనక ఉన్న సంగతి. కూడికలో నేను లేచి నిలబడబోతే మా అమ్మాయి కొంగు పట్టి కూర్చోబెట్టింది. బయటికొచ్చాక మా అల్లుడు, “వదిలెయ్యండి అత్తమ్మా. గా మాటతోని నాకు జెర ధైర్యమొచ్చింది,” అన్నాడు.

“ధైర్యం మీది, నొప్పి మీ అమ్మది,” అన్నాను. అతను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాడు. తల్లిని పోగొట్టుకున్నవాడితో అంతకంటే ఏం అనను? అందుకే అక్కడ వదిలేసి ఇక్కడ రాస్తున్నాను. సర్కారు కాగితంలో ఒకసారి, సాక్ష్యంలో ఒకసారి, ఆవిడ ఎత్తని చెయ్యిని ఎత్తినట్టు రాసేసుకున్నారు. ఒకళ్ళు అభివృద్ధి కోసం, ఒకళ్ళు పరలోకం కోసం. ఇద్దరికీ అడిగి ఆగే ఓపిక లేదు. జవాబు కోసం ఆగడం దేవుడికి చేతనైనంత ఆయన తరఫున పనిచేసే వాళ్ళకి చేతకాదని మా సంఘంలో చెప్పుకోవచ్చు. ఆగడం కాదు, ఆయన ఎప్పుడో వచ్చేశాడని వదిన అనేది. ఏదైనా, దేవుడు మణికట్టు పట్టుకు లాగాడని మాత్రం ఇద్దరంలో ఎవరమూ అనలేదు.

ఆసుపత్రిలో ఆ రోజు వాళ్ళు వెళ్ళిపోయాక నేను ఆవిడ భుజానికి తైలం రాశాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

“గా పిలగాడు మంచోడే వదినా. జెర చెయ్యి నొచ్చింది, అంతే.”

“మంచివాడైతే నాకేం? నాలుగు దులపకుండా ఎందుకు ఊరుకున్నారు?”

“నువ్వున్నవ్ గద, దులపనీకె,” అంది. పెదవి చివర నవ్వు కదిలింది. తర్వాత కళ్ళు మూసుకుంది. ఇంక ఆవిడ నాతో మాట్లాడలేదు.

సాయంత్రం ఎండ మంచం మీదకి వచ్చింది. నేను బత్తాయి ఒలుస్తున్నాను, తినదని తెలిసీ, చేతులకి ఏదో పని కావాలి కనక. చూస్తే ఆవిడ కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది. నేను బోర్లా పెట్టిన చెయ్యి అది. నడుము పక్కన, కిందగా, వేళ్ళు కొంచెం వంగి, ప్రభువు బల్ల దగ్గర పట్టినట్టే ఉంది. ఆ వేళ్ళు తనే తెరిచిందో, అవే తెరుచుకున్నాయో నాకు తెలియదు. అడిగితే చెప్పేది కాదు, మళ్ళీ వాదనకి దిగేది. ఒక తొన తీసి ఆ అరచేతిలో పెట్టాను. చెయ్యి మూసుకోలేదు. ఎండ ఆ తొనలోంచి పోయి, అరచెయ్యి మీద పసుపుపచ్చగా పడింది.