గీత తెగని నక్షత్రం

విమలమ్మ ఆ కాగితాలు కోసే మిషను మీద మొట్టమొదట సాధించింది ఒక గంట. గుడిగంట కాదు, క్రిస్మస్ గంట. అరచేతిలో ఇమిడేంత ఎర్ర కాగితపు గంట. పైన రిబ్బను ముడి, కింద బుల్లి నాలుక, నడుమ మూడు ఆకులు. ఎక్కడా చిరగకుండా, అంచు లేవకుండా జిగురు మ్యాటు మీంచి పొందికగా ఊడివచ్చింది. అంతకుముందు ఎన్ని కాగితాలు పాడయ్యాయో ఆమెను అడగకూడదు. అడిగితే, "నేర్చుకునేటోళ్లకు లెక్కలుంటయా?" అంటుంది. ఆ గంటను చూపుడువేలికి తగిలించుకుని మెట్టుగూడలో తమ సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. కూరగాయల బండి దగ్గర ఆగింది. ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. కొత్తిమీర బేరం చేసి, అందరూ గంట చూశారని నమ్మకం కుదిరాక, కొత్తిమీర కొనకుండానే ఇంటికొచ్చేసింది.

అరవై నాలుగేళ్ల మనిషి. జనగామ పక్కన పల్లెలో పుట్టి, ఆ ఊరి బడిలోనే ఐదో తరగతి దాకా చదివింది. ఐదంటే వట్టి ఐదు కాదు. చెయ్యెత్తకుండా పలక మీద దేశపటం గీసి, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చేత భేష్ అనిపించుకున్న ఐదు. పెళ్లయి మెట్టుగూడకు వచ్చాక కాలనీ ముగ్గుల పోటీలో మొదట స్టీలు బిందె గెలిచింది, మరుసటేడు స్టీలు టిఫిను గెలిచింది, ఆ పై ఏడు మళ్లీ స్టీలు బిందె. ఒకసారి ఇంట్లో కూర్చుని బతుకమ్మను ఎంత పెద్దగా పేర్చిందంటే, అది గుమ్మంలో పట్టక తలుపు రెక్క ఊడదీయించాల్సి వచ్చింది. నలభై దాటాక సైకిలు నేర్చింది. అరవై దాటాక ఫోనులో కరెంటు బిల్లు కట్టడం నేర్చింది. ఇవన్నీ ఎవరో చెప్పగా సందులోవాళ్లకు తెలిసినవి కావు. ఆమే చెబుతుంది, అడిగినా, అడగకపోయినా.

చెయ్యనిది ఒక్కటే మిగిలింది. భర్త భద్రయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక నుంచి రాత్రింబగళ్లు బండ్లు పోతూనే ఉంటాయి. అయినా ఆయన పక్కన లేకుండా ఆమె ఏనాడూ ఏ బండీ ఎక్కింది లేదు. ఆయనతో ఎక్కినా అది పుట్టింటికి, పెళ్లికో పేరంటానికో.

ఇక మిషను సంగతి. అది కోడలు వసుధది. పుట్టినరోజులకు పేర్ల బోర్డులు చేసి అమ్ముదామని ముచ్చటపడి కొన్నది. అంతలో ఉద్యోగం వచ్చింది. మిషను టీవీ బల్ల కింద, అల్లిక గుడ్డ కప్పుకుని పడుకుంది. పనిలేకుండా పడుకున్న వస్తువును చూస్తే విమలమ్మకు ఒళ్లు మండుతుంది. దసరాకు దాన్ని బయటికి తీసి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నవంబరులో వసుధ దగ్గర కూర్చుని పని షురూ చేసింది. ఫోనులో బొమ్మ ఎంచాలి, మ్యాటు మీద కాగితం పరచాలి, మీట నొక్కాలి, అంతే. మిషను కర్ర్‌ర్‌మని తెల్ల కాగితాన్ని లోపలికి లాక్కుని బయటికి తోసింది. కాగితం నిండా ఎర్రచారలు! దసరా కుంకుమ రోలర్లకు పట్టింది మరి.

సరిగ్గా అప్పుడే ఎదురింటి ఆలిస్ వచ్చింది. నర్సుగా రిటైరయింది, విమలమ్మకు ముప్పై ఏళ్ల స్నేహితురాలు. కాగితం చూసి నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

"వదినా, నువ్వు మిషనుకి బొట్టు పెడితే, అది వచ్చినోళ్లందరికీ బొట్టు పెడుతోంది!"

"నవ్వు, నవ్వు. రేపు నీ ఇంటికి నక్షత్రాలు ఎవలు చేసిస్తరో చూస్త."

రోలర్లు తుడిచాక వచ్చిందే ఆ గంట. గంట తర్వాత చెయ్యి ఆగలేదు. దేవదూతలొచ్చారు, జింకలొచ్చాయి, మంచు పువ్వులొచ్చాయి. మంచంటే ఫ్రిజ్జులో తప్ప చూడని విమలమ్మ మంచు పువ్వులను దండలుగా గుచ్చి, ఆలిస్ గుమ్మానికి మామిడితోరణం కట్టినట్టు కట్టింది. దాని కిందనుంచి వంగి లోపలికి పోతూ ఆలిస్ భర్త ఆర్థర్, "బావుంది సిస్టర్" అన్నాడు. మాటలు తక్కువ, నమలడం ఎక్కువ అయిన మనిషి. ఆయన నోట ఆ రెండు ముక్కలు రావడమే గొప్ప.

ఆ ఊపులోనే నోరు జారింది. బిట్రగుంటలో ఆలిస్ వాళ్లక్క వెళ్లే చిన్న చర్చికి కొత్త హాలు కట్టారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మొదటిసారి దీపాలు వెలిగిస్తారు. హాలు మధ్యలో కట్టడానికి పెద్ద నక్షత్రం తానే తెస్తానని ఆలిస్ మాటిచ్చింది. జనరల్ బజారులో ఒకటి కొనాలి, తోడు వస్తావా అని అడిగిందంతే.

"కొనుడెందుకే? నేను చేస్త. మా నాయనమ్మ ముగ్గు పెట్టి చేస్త. గసొంటిది బజార్ల దొరకనే దొరకదు."

"చేస్తే నువ్వే వచ్చి కట్టాలి మరి. నీక్కూడా టికెట్ తీయిస్తా."

"తియ్యి. కాని ఇగ విను. నక్షత్రం అయితేనే బండెక్కుత. ఉత్త చేతుల్తోని ఎక్క."

ఈ మాట సందంతా విన్నది. విననివాళ్లకు సాయంత్రంలోగా విమలమ్మే చెప్పింది. భద్రయ్య మాత్రం వాకిట్లో నిలబడి, "మరి నాకు టికెటు?" అన్నాడు.

"నువ్వు ఊళ్లన్నీ తిరిగినవు గద, ఇల్లు చూస్కో" అంది భార్య.

నాయనమ్మ ముగ్గంటే మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఒకే గీతను పాములా తిప్పుకుంటూ పోయి, మొదలెట్టిన చోటికే తెచ్చి కలపాలి. గీత నడుమ తెగితే అది ముగ్గే కాదని నాయనమ్మ పట్టు. పిండి చాలక ఆగిపోతే మొత్తం చెరిపేయించి మళ్లీ వేయించేదట. ఆ ముగ్గును విమలమ్మ తెల్ల కాగితం మీద పెన్సిలుతో వేసింది. వసుధ దాన్ని ఫొటో తీసి ఫోనులోకి ఎక్కించింది. మిషను గీత వెంబడే బ్లేడు నడిపింది. అందరూ చుట్టూ మూగారు. విమలమ్మ గోళ్లతో అంచు పట్టి మెల్లగా లేపింది.

ముగ్గు లేవలేదు. పేలాల్లాగా రాలింది. రేకులు రేకులుగా, ముక్కలు ముక్కలుగా నేలంతా పరుచుకుంది. ఫ్యాను తిరుగుతోందేమో, సగం ముక్కలు భద్రయ్య చాయ్ కప్పులో పడ్డాయి.

"అత్తమ్మా, గీత మొత్తం కోస్తే కాగితం దేన్ని పట్టుకొని నిలబడతది?" అంది వసుధ, ముక్కలు ఏరుతూ. "అక్కడక్కడ జెర గీత తెంపుదాం. తెంపిన కాడ కాగితం అతుక్కొని ఉంటది."

"తెంపుడా? నా ముగ్గునా?"

"ఒక్కసారి చూడరాదు."

వసుధ తెంపి కోసింది. నిలబడింది. భద్రయ్య మంచిగుందన్నాడు, ఆలిస్ సూపర్ అంది, ఆర్థర్ సుతారంగా తలూపాడు. విమలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, తీసి చూసింది. మెలిక మెలికకూ సందు. పళ్లూడిన నోరులా ఉంది ఆమెకు.

"ఎవలకు తెలుస్తదే?" అన్నాడు భద్రయ్య. "బిట్రగుంటోళ్లు గీత వెంబడి వేలు పెట్టుకుంట చూస్తరా?"

"నాకు తెలుస్తది గద."

ధనుర్మాసం వచ్చేసింది. పొద్దున లేచి వాకిట్లో పిండితో అదే ముగ్గు వేస్తుంది. ఒక్క గీత, ఎక్కడా ఆగకుండా, సర్రున తిరిగి వచ్చి కలుస్తుంది. లోపలికి పోయి అదే కాగితం మీద కోస్తే రాలుతుంది. దళసరి కాగితం పెట్టింది, రాలింది. బ్లేడు మార్చింది, మరీ శుభ్రంగా రాలింది. ఇస్త్రీ బండి అతను కూడా, "అమ్మా, బండెప్పుడు?" అని అడగడం మొదలెట్టాడు. వారం రోజుల్లో ప్రయాణం. విమలమ్మ రోడ్డు దాటి ఆలిస్ గుమ్మంలో నిలబడింది. మంచు పువ్వుల తోరణం నెత్తికి తగులుతోంది.

"నా టికెటు వాపస్ ఇచ్చెయ్యి. నువ్వు బజార్ల నక్షత్రం కొనుక్క పో."

ఆలిస్ ఆమె చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయి పీట వేసింది. పొయ్యి మీద నూనె కాగుతోంది, పక్కన పిండిలో ముంచే ఇనుప పువ్వు అచ్చు. "ముందు ఇది తిను. పొద్దట్నుంచి రోజ్ కుకీలే చేస్తున్నా."

విమలమ్మ ఎంత దుఃఖంలో ఉన్నా ఊరుకునే మనిషి కాదు. "రోజ్ కుకీలేందే? ఇవి గులాబీ పువ్వులు. మా ఇంట్ల పెండ్లిండ్లకు డబ్బాలు డబ్బాలు చేస్తుంటిమి."

"మా అమ్మమ్మ క్రిస్మస్‌కి చేసేది. రోజ్ కుకీలే."

"అచ్చు మాది. నూనె మాది. పేరు నీదా?"

"అచ్చు నాదే వదినా, చూడు, నా చేతిలోనే ఉంది!"

ఆర్థర్ ఈ వాదం తేలేలోపు రెండు తినేసి మూడోదానికి చెయ్యి చాచాడు. దాన్ని కాస్తా ముందుగా విమలమ్మ లాక్కుంది. లాక్కున్నదాన్ని కోపంగా కిటికీ వైపు ఎత్తి, "ఏది, రంగు సుత సరిగ్గ రాలే" అనబోయింది. అంతలో దాన్ని కళ్లకు మరింత దగ్గరగా తెచ్చుకుంది.

కిటికీలోంచి ఎండ ఆ పువ్వు కంతల్లోంచి దూరి వస్తోంది. పిండి చుట్టూ చుట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడా తెగలేదు. పిండి లేనిదల్లా నడుమ ఖాళీల్లోనే.

"ఆలిస్! గీతను కోస్తున్ననే నేను! ఎంత పాగల్ దాన్ని! పిండి ఉండాలె, నేల పోవాలె!"

"ఏంటీ?"

"ముగ్గుల పిండి ఎక్కడ పడ్డదో గక్కడ కాగితం ఉంచాలె. ఖాళీ జాగ కోసి పడెయ్యాలె. ఇగో, గిట్ల!" అని పువ్వును ఆమె ముఖం ముందు ఆడించి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటేసింది. ఒక ఆటో సర్రున ఆగింది. ఆటో అతను ఏదో అన్నాడు. "నక్షత్రం దొరికింది బిడ్డా!" అని అతనికీ చెప్పింది. వెనకే చట్టి దించకుండా ఆలిస్, ఆమె వెనక చేతిలో రోజ్ కుకీతో ఆర్థర్.

ఈసారి పెన్సిలు కాదు, లావు మార్కరు. గీత వేలంత వెడల్పున నల్లగా పడింది. మిషను నలుపును ముట్టుకోకుండా నడుమ తెలుపునంతా కోసింది. విమలమ్మ అంచు పట్టింది. లేచింది. జాలరి వలలా, ఆలిస్ చేతి గులాబీ పువ్వులా, ఒక్క గీత మొత్తం ముగ్గుగా గాల్లోకి లేచింది. వసుధ అత్తగారిని పట్టుకుని గిర్రున తిప్పింది. తిరుగుతూనే విమలమ్మ అరిచింది: "ఆగు బిడ్డా, ఆగు! చుక్కలేవి?"

చుక్కలు మ్యాటు మీదే ఉండిపోయాయి. ఖాళీ జాగాల నడుమ ఉన్నవి కదా, వాటినీ ఖాళీతోపాటే కోసి పారేసింది మిషను. చుక్కలు లేని ముగ్గా? ఏరి పళ్లెంలో పోసుకుంది. ఆ పైన లేచి, కొడుకు హరికిషన్ స్కూలు రోజుల నుంచి దాచిన పసుపుపచ్చ జిలేటిన్ కాగితం బీరువా అడుగు నుంచి బయటికి లాగింది. ముగ్గు వెనక అది అతికించి, దాని మీద చుక్కలను ఒక్కొక్కటే వాటి వాటి చోట కూర్చోబెట్టింది.

నక్షత్రానికి ఐదు కొమ్ములు, ఒక్కో కొమ్మూ ఒక్కో కాగితం. మిగతా నాలుగింటినీ ఇలాగే కోశారు. ఈ కొమ్ము గీత పక్క కొమ్ము గీతతో కలిసేటట్టు అతకడం అసలు పని. భద్రయ్య బట్టల క్లిప్పులు పట్టుకుని నిలబడ్డాడు. విమలమ్మ పురమాయించింది: "జెర ఎడమకు. నా ఎడమకు కాదు, నీ ఎడమకు. అయ్యో, రెండూ ఒకటే, ఊరుకో!" ఐదో కొమ్ము గీత మళ్లీ మొదటి కొమ్ము గీతతో కలిసినప్పుడు విమలమ్మ దాని వెంబడి వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఎక్కడా ఆగలేదు.

ఆ సాయంత్రం ఆలిస్ వరండాలో కట్టి లోపల చిన్న బల్బు వేశారు. అందరూ పైకి చూస్తుంటే ఆర్థర్ ఒక్కడే కిందికి చూశాడు.

"సిస్టర్, నేల చూడండి."

నేల మీద ముగ్గుంది. బంగారు కంతలు, నల్లటి మెలికలు, నడుమ చుక్కలు. వరండా దాటి, రోడ్డు దాటి, ఒక కొమ్ము నేరుగా విమలమ్మ వాకిట్లో పొద్దున పిండితో వేసిన ముగ్గు మీద పడి ఊగుతోంది. జనం పోగయ్యారు. స్కూటర్లు ఆగాయి. తొక్కుతామేమోనని ఎవరూ దాని మీద అడుగు పెట్టలేదు. వెలుగు ముగ్గును చుట్టి పోయారు. ఇస్త్రీ బండి అతను, "అమ్మా, ఈ ముగ్గు మా బండి మీద సుత పడేటట్టు జెర తిప్పుతరా?" అన్నాడు. విమలమ్మ తిప్పింది. బతుకమ్మ కోసం తలుపు ఊడదీయించిన సంగతి అతనికి మరోసారి చెప్పింది. ఆలిస్ చెవిలో మాత్రం, "నా టికెటు వాపస్ ఇయ్యలేదు గద?" అని అడిగింది.

"నేను వాపస్ ఇవ్వనే లేదు వదినా."

ఇరవై రెండున సాయంత్రం సికింద్రాబాద్ స్టేషనులో నక్షత్రం కూలరు డబ్బాలో కూర్చుని పై బెర్తు ఎక్కింది. కింద విమలమ్మ కిటికీ పక్కన, ఎదురుగా ఆలిస్, ఆర్థర్, వాళ్ల నడుమ రోజ్ కుకీల డబ్బా. దాని మీద విమలమ్మ రాయించిన చీటీ: గులాబీ పువ్వులు. ప్లాట్‌ఫారం మీద భద్రయ్య, ఊళ్లన్నీ తిరిగిన మనిషి, మొదటిసారి కిటికీకి అవతల వైపు నిలబడ్డాడు. బండి కదిలింది. బండితోపాటు నాలుగడుగులు నడిచి, "పైలం!" అన్నాడు.

"వాకిట్ల నీళ్లు చల్లుడు మర్వకు!"

మౌలాలి దాటకముందే డబ్బాలోని నక్షత్రం సంగతి చుట్టుపక్కల బెర్తులన్నిటికీ తెలిసింది. పలక మీది దేశపటం దగ్గర మొదలుపెట్టి, స్టీలు బిందె దాకా వచ్చింది. రెండో బిందెకు ముందు కాస్త ఆగి ఇంటికి ఫోను చేసింది.

"ఇంటికి చేరినవా? తలుపుకు బోర్డు ఉందా? గాలికి పోలే గద?"

బయలుదేరేముందు ఆమే మిషను మీద ఎర్ర కాగితం అక్షరాలు కోసి, అట్ట మీద అతికించి, కింద ఆ మొదటి గంటను వేలాడదీసి పోయింది. ఎవరైనా తలుపు కొట్టి నిరాశపడకూడదని.

"ఉన్నది."

"గంట?"

"గంట సుత ఉన్నది."

"అయితే గట్టిగ చదువు. ఆలిస్ వినాలె. ఫోను స్పీకర్ల పెట్టిన."

భద్రయ్య గొంతు సవరించుకుని, సందంతా వినబడేటట్టు చదివాడు:

"విమలమ్మ నక్షత్రం కట్టనీకి బిట్రగుంట పోయింది. తిరిగి వచ్చుడు డిసెంబరు ఇరవై ఏడు, శనివారం."